కుంగ్‌ఫూ చిత్రములలో అభిమానులు చూచునదేమి?

చలనచిత్రాభిమానము పలు విధములు. కొందఱు పాటలకొఱకు పోవుదురు. కొందఱు తమ కిష్టులైన నటీనటులను చూచుటకు పోవుదురు. కథ యెట్టిదైనను, భాష తెలియకపోయినను, ఒకే జాతి చిత్రములను మరల మరల చూచి, ఎవరు ఏ దెబ్బను ఏ విధముగా కాచుకొనిరో కంఠస్థముగా చెప్పగలవారు మఱియొక తెగ. హాంగ్‌కాంగ్ కుంగ్‌ఫూ చిత్రముల అభిమానులు ఈ తెగకు చెందినవారు. ఇంటిలోని పెద్దలకు ఈ అభిమానము రుచింపదు. "ఎంతసేపు చూచినను కొట్లాటయే గదా, అందులో నేమున్నది?" అని వారు విసుగుకొందురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి అభిమానుల పక్షమున సమాధానము చెప్పుటకే ఈ ప్రసంగము.

ముందుగా ఆ మాటను గూర్చి. "కుంగ్‌ఫూ" అను చీనా మాటకు యుద్ధమని గాని, కొట్లాట యని గాని మూలార్థము కాదు. కాలమును, శ్రమను వెచ్చించి సంపాదించిన నేర్పునకు ఆ పేరు. చక్కగా వ్రాయువానికిని, చక్కగా వండువానికిని గూడ కుంగ్‌ఫూ ఉండవచ్చును. మన సంగీత విద్వాంసులు "సాధకము" అను మాటలో ఏ భావమును ఇముడ్చుదురో, ఆ భావమునకు ఇది మిక్కిలి దగ్గఱగా నున్నది. ఈ యర్థమును మనసులో నుంచుకొని చూచినచో ఆ చిత్రములు వేఱు విధముగా కనిపించును.

ఈ చిత్రములకు ఒక వంశవృక్షము కలదు. 1949లో హాంగ్‌కాంగ్‌లో వాంగ్ ఫేహుంగ్ అను వీరుని కథ చలనచిత్రముగా వెలువడెను. వాంగ్ ఫేహుంగ్ కల్పిత పాత్ర కాడు. దక్షిణ చీనాలో ఫోషాన్ ప్రాంతమునకు చెందిన వైద్యుడు, సాముగరిడీల గురువు. ఆ వేషము ధరించిన క్వాన్ తక్‌హింగ్ కాంటన్ సంగీత నాటకరంగమునుండి వచ్చిన నటుడు. ఆ యొక్క పాత్రనే ఆయన డెబ్బదికి పైగా చిత్రములలో ధరించెను. వాంగ్ ఫేహుంగ్ శిష్యుడు లామ్ సాయ్‌వింగ్; ఆయన శిష్యుడు లౌ చామ్; లౌ చామ్ కుమారుడు లౌ కార్‌లియుంగ్. ఈ కడపటివాడు చిన్న వేషములతో మొదలిడి, పోరాటములను కూర్చు శిక్షకుడై, తుదకు దర్శకుడాయెను. తెరమీది కథానాయకునకును, కెమేరా వెనుక నిలిచిన దర్శకునకును నడుమ ఒక గురుపరంపర యున్నదన్న మాట.

లౌ కార్‌లియుంగ్ 1978లో షా బ్రదర్స్ సంస్థకు తీసిన "ది థర్టీసిక్స్త్ చేంబర్ ఆఫ్ షావోలిన్" అను చిత్రమును ఈ జాతి చిత్రములకు మచ్చుగా తీసికొనవచ్చును. మంచూ ప్రభువుల దౌర్జన్యమునకు తన వారిని కోల్పోయిన ఒక యువకుడు షావోలిన్ బౌద్ధారామమును చేరుకొనును. అచ్చట సాము నేర్పు శాలలు ముప్పదియైదు గలవు. తొందరపాటున అతడు అన్నిటికంటె ఉన్నతమైన శాలలోనే ముందు అడుగు పెట్టి, నిలువలేక వెలుపల పడును. ఆపై మొదటి మెట్టునుండి ఆరంభము. నీటిపై తేలు దుంగల మీదుగా దాటిననే గాని భోజనశాలకు పోరాదు. చేతులు చాచి నీటి బకెట్లు మోయవలెను. చేతులు వాలినచో దండలకు కట్టిన కత్తులు ప్రక్కలలో గ్రుచ్చుకొనును. మణికట్టు బలమునకొఱకు పొడుగాటి కాడగల బరువైన సుత్తితో గంట మ్రోగింపవలెను. కదలు దీపమును తల కదల్చక కన్నులతోనే వెంబడింపవలెను. చిత్రములో పెద్ద భాగము ఈ అభ్యాసమే. పగవానిని కొట్టుట కడపటి కొద్ది నిమిషముల పని. అభిమానులు మరల మరల చూచునది ఈ నడిమి భాగమునే గాని, కడపటి పోరాటమును మాత్రమే కాదు.

ఇచ్చట మన శ్రోతలలో పలువురి మనసున మెదలు ఒక సందేహమును తీర్చవలసియున్నది. షావోలిన్ వారికి ఈ విద్యను నేర్పినవాడు దక్షిణ భారతమునుండి వెళ్లిన బోధిధర్ముడే యని మనము గర్వముతో చెప్పుకొందుము. బోధిధర్ముడు దక్షిణ భారతీయుడని చీనా బౌద్ధ సంప్రదాయము చెప్పుట నిజమే. కాని ఆయనకును ఈ సామునకును ముడిపెట్టిన కథ 17వ శతాబ్దపు గ్రంథమొకదానినుండి ప్రచారమునకు వచ్చినది. ఆ యారామపు భిక్షువులు 621లో తాంగ్ వంశపు రాకుమారునకు యుద్ధములో తోడ్పడినట్లు మాత్రము 728 నాటి శిలాశాసనము సాక్ష్యము చెప్పుచున్నది. కథ కథగను, చరిత్ర చరిత్రగను తెలిసికొనుటవలన అభిమానమునకు లోటు కలుగదు.

ఇక ఈ విద్యను తెరపై చూపినవారు ఎవరు? వారిలో పెక్కుమంది నాటకశాల బిడ్డలు. పెకింగ్ సంగీత నాటకములో నటుడు పాడవలెను, అభినయింపవలెను, పల్టీలు కొట్టవలెను, కత్తి త్రిప్పవలెను. హాంగ్‌కాంగ్‌లో యూ జిమ్‌యూన్ అను గురువు అట్టి బడి నడపెను. జాకీ చాన్, సామో హుంగ్, యూన్ బియావ్ ఆ బడిలో పెరిగినవారే. జాకీ చాన్ ఏడేండ్ల ప్రాయమున చేరి పదేండ్లు అచ్చట నుండెను. తెల్లవారకముందే నిద్ర లేచుట, గోడకు కాళ్లు తన్ని తలక్రిందుగా చాలసేపు నిలుచుట, తప్పినచో బెత్తపు దెబ్బలు తినుట వారి దినచర్య. నేటి కాలమున ఏ తల్లిదండ్రులును దీనికి ఒప్పుకొనరు, ఒప్పుకొనరాదు గూడ. అంతటి కష్టముతో నేర్చిన విద్య చేతికి వచ్చునాటికి, దానిని చూచు ప్రేక్షకులు కరగిపోయిరి. జనము నాటకమును విడిచి సినిమాకు తరలెను. ఆ పిల్లలకు మిగిలిన దారి సినిమాలో దెబ్బలు తినుట, మేడమీదినుండి దూకుట. కనుమఱుగగుచున్న ఒక నాటకకళ కుంగ్‌ఫూ చిత్రములలో తల దాచుకొన్నదని చెప్పవచ్చును.

ఈ యాశ్రయము సురక్షితమైనది కాదు. 1986లో యుగోస్లావియాలో "ఆర్మర్ ఆఫ్ గాడ్" చిత్రము తీయునపుడు జాకీ చాన్ చెట్టుమీదినుండి జారిపడి కపాలము పగులగొట్టుకొనెను. ఒక చెవికి వినికిడి తగ్గెను. తెరపై మనము చప్పట్లు కొట్టు దృశ్యము వెనుక అట్టి మూల్యము ఉన్నది.

ధ్వనితో పని చేయువారము గనుక ఈ చిత్రముల శబ్దమును గూర్చి మేము ఒక మాట చెప్పక తీరదు. ఆ కాలపు హాంగ్‌కాంగ్ చిత్రములను చాలవఱకు శబ్దము లేకుండ తీసి, సంభాషణలను, దెబ్బల చప్పుళ్లను తరువాత శబ్దశాలలో చేర్చెడివారు. చేయి గాలిని చీల్చు ధ్వని, బట్ట విదిలిన ధ్వని, పిడికిలి తాకిన ధ్వని, అన్నియు అట్లు కూర్చినవే. నిజముగా ఒకడు ఒకని కొట్టినపుడు అంత మ్రోత రాదు. మఱి ఎందుకు అది మనకు అసహజముగా తోచదు? పెకింగ్ నాటకములో నటుని ప్రతి కదలికకును డప్పు, కంచుతాళము పలుకును. కదలిక, ఆగుట, మరల కదలిక, ఇదియే అచ్చటి నడక. పోరాటము నడుమ వీరుడు ఒక్క క్షణము బొమ్మవలె నిలుచుట ఆ నాటకపు మర్యాదయే. దర్శకుడు కింగ్ హూ 1966లో తీసిన "కమ్ డ్రింక్ విత్ మీ" చిత్రములో సత్రపు దృశ్యమును చూడుడు. చెంగ్ పేపే ధరించిన వీరవనిత దుండగుల నడుమ నిశ్చలముగా కూర్చుండును. ఆ నిశ్శబ్దమే భయము పుట్టించును. రేడియో నాటకము వ్రాయువారికి అది మంచి పాఠము.

బ్రూస్ లీ పేరు తెలియనివారు లేరు గనుక ఆయనను గూర్చి క్లుప్తముగా చెప్పుదుము. 1971లో "ది బిగ్ బాస్" మొదలు 1973లో "ఎంటర్ ది డ్రాగన్" వఱకు ఆయన కుంగ్‌ఫూ కీర్తి మూడేండ్ల లోపలిది. కడపటి చిత్రము విడుదల కాకముందే, 1973 జూలై 20న, 32 ఏండ్ల వయస్సున మరణించెను. లోకమునకు ఈ చిత్రములవైపు తలుపు తెఱచినవాడు ఆయనయే. కాని ఆ యిల్లు ఆయనకు ముందే కట్టియున్నది.

నింజా చిత్రములు వీనికి జ్ఞాతులు, పుట్టినిల్లు జపాను. ఇగా, కోగా ప్రాంతముల వేగులవారు చరిత్రలో నిజముగా ఉండిరి. వారు సన్న్యాసివలెనో వర్తకునివలెనో వేషము మార్చుకొని తిరుగుదురే గాని, నల్లని దుస్తులతో కనబడి పట్టుబడుదురా? ఆ నల్లని వేషము జపాను నాటకరంగమునుండి వచ్చినదని పలువురి యభిప్రాయము. అచ్చట నల్లబట్టలు ధరించి వేదికపై సామాను సర్దు సహాయకులను ప్రేక్షకులు చూడనట్లే భావింతురు. 1962లో సత్సువో యమమోతో తీసిన "షినోబీ నో మోనో" ఈ వేగులవాని బ్రదుకును గంభీరముగా చూపెను. యజమానుల పన్నాగములలో నలిగిన సామాన్యుని కథ అది. 1981లో "ఎంటర్ ది నింజా" అమెరికాలో వెలువడిన పిమ్మట నింజా చిత్రములు వెల్లువగా వచ్చెను. వానిలో కొన్ని పాత చిత్రముల ముక్కలకు క్రొత్త నింజా దృశ్యములను అతికిన అతుకుల బొంతలు. అభిమానులు వానిని జూచి నవ్వుకొందురు, నవ్వుచునే ప్రేమింతురు.

అభిమానమువలన ప్రయోజనమేమి అని అడుగవచ్చును. 1970లలో న్యూయార్కు నగరమున చౌక టికెట్ల సినిమాశాలలలో, గీతలు పడిన ప్రింట్లతో, పెదవులకు కుదరని ఆంగ్ల సంభాషణలతో ఈ చిత్రములు ఆడెను. వానిని ఆదరించినవారిలో బీద నల్లజాతి యువకులు పెక్కుమంది. అణగద్రొక్కబడినవాడు అభ్యాసముచే తలయెత్తు కథ వారికి పరాయిది కాలేదు. అట్లు పెరిగిన ఆర్‌జెడ్‌ఎ అను సంగీతకారుడు తన వూ-టాంగ్ క్లాన్ బృందముతో 1993లో వెలువరించిన రికార్డునకు ఈ షావోలిన్ చిత్రము పేరునే చేర్చుకొనెను. విమర్శకులు చవుకబారు సరకని త్రోసివైచిన కాలమున వీనిని జ్ఞాపకముంచుకొన్నవారు అభిమానులే. 2000లో ఒక సంస్థ షా బ్రదర్స్ వారి ఏడువందలకు పైబడిన చిత్రములను కొని, వానిని శుభ్రపఱచి మరల విడుదల చేయుటకు పూనుకొన్నది. అడుగువారు లేనిచో అది జరిగెడిదా?

ఈ చిత్రములన్నియు పిల్లలు చూడదగినవని మేము చెప్పము. కొన్నిటిలో నెత్తురు మితిమీరి పాఱును. కావున పెద్దలు ఎన్నిక చేసి, కలిసి కూర్చుండి చూచుట మేలు. అట్లు చూచునపుడు ఒకటి గమనింపుడు: కెమేరా దూరముగా నిలిచి నటుని తలనుండి పాదము వఱకు చూపుచున్నదా? అట్లైనచో మీరు చూచునది దర్శకుని కత్తెర కాదు, ఒకని పదేండ్ల సాధకము.

కథలోని ఆ యువకుడు ముప్పదియైదు శాలలను జయించిన పిదప, మీకు ఏ శాల కావలెనని పెద్దలు అడిగినపుడు, ఉన్నవానిలో ఒకటి కోరుకొనడు. ఆరామపు గోడల వెలుపల, సామాన్యులకు నేర్పుటకై ముప్పదియాఱవ శాల తెఱవవలెనని కోరును. కంచుతాళములు మూగవోయిన నాటకశాలల విద్య నేడు మిగిలియున్నది ఆ వెలుపలి శాలలోనే. దానిని నిలిపియుంచినవారు, భాష తెలియకపోయినను పోయి కూర్చుండి చూచిన ఈ అభిమానులే.