బహుళ ప్రాసెసర్ల క్లస్టర్లు: సందేశాలా, ఉమ్మడి మెమొరీయా?

రెండు ప్రోగ్రామింగ్ నమూనాలను ఇంతవరకు విడివిడిగా చదివారు. 1994లో వెలువడిన ఎం.పి.ఐ. ప్రమాణంలో ప్రతి ప్రాసెస్‌కు సొంత మెమొరీ ఉంటుంది. ఒకదాని విలువ మరొకదానికి కావాలంటే సందేశం పంపవలసిందే. 1997లో వచ్చిన ఓపెన్‌ఎంపీలో థ్రెడ్లన్నీ ఒకే మెమొరీని పంచుకొంటాయి. నేటి క్లస్టర్‌లో రెండు పరిస్థితులూ ఉన్నాయి: నోడ్ లోపల ఉమ్మడి మెమొరీ, నోడ్ల మధ్య నెట్‌వర్క్. కనుక బయట ఎం.పి.ఐ., లోపల ఓపెన్‌ఎంపీ వాడే మిశ్రమ నమూనాయే వేగవంతమని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. లెక్క వేసి చూద్దాం.

ఒక లోహపు పలకపై ఉష్ణవ్యాప్తిని 1600×1600 గడులలో గణించాలి. ప్రతి దశలో ఒక్కో గడికి దాని నాలుగు పక్క గడుల విలువలు కావాలి. మన వద్ద 4 నోడ్లు, ఒక్కొక్కదానిలో 16 కోర్లు ఉన్నాయనుకోండి. ఎం.పి.ఐ. ఒక్కటే వాడితే 64 ప్రాసెస్‌లు. పలకను 8×8 భాగాలు చేస్తే అడ్డంగా 7, నిలువుగా 7 కోతలు పడతాయి. ప్రతి కోతకు ఇరువైపులా 1600 చొప్పున మొత్తం 44,800 విలువలు చేతులు మారాలి. మిశ్రమ నమూనాలో నోడ్‌కు ఒక ప్రాసెస్ చాలు కనుక 2 కోతలే; 6,400 విలువలు.

ఏడో వంతుకు తగ్గింది కదా! తొందరపడవద్దు. మొదటి పద్ధతిలోనూ ఒక్కో నోడ్‌కు 4×4 భాగాల చదరాన్ని అప్పగిస్తే, నెట్‌వర్క్ దాటేవి అవే 6,400. మిగిలినవి నోడ్ లోపల జరిగే నకళ్ళు. నెట్‌వర్క్‌పై సందేశాల సంఖ్య మాత్రం 32 నుండి 8కి తగ్గుతుంది. ప్రాసెస్‌లను వరుస సంఖ్యల ప్రకారం నింపితే నోడ్‌కు రెండేసి అడ్డవరుసలు వచ్చి, 9,600 విలువలు నెట్‌వర్క్ దాటవలసి వస్తుంది. అందుచేత నమూనా మార్చేముందు ఏ ప్రాసెస్ ఏ నోడ్‌లో ఉందో చూడండి.

మిశ్రమ నమూనాలో నష్టాలూ ఉన్నాయి. దాని సరళమైన రూపంలో ప్రధాన థ్రెడ్ ఒక్కటే సందేశాలు పంపుతుంది. అంతసేపూ మిగతా 15 కోర్లు ఖాళీ. అంతకంటె మోసకరమైనది మరొకటి. రెండు సాకెట్ల నోడ్‌లో, లైనక్స్ సాధారణంగా మెమొరీ పుటను మొదట తాకిన థ్రెడ్ ఉన్న సాకెట్ వైపే కేటాయిస్తుంది. ప్రారంభ విలువలను ఒకే థ్రెడ్‌తో నింపితే దత్తాంశమంతా ఒక పక్కకే చేరుతుంది. రెండో సాకెట్ కోర్లు ప్రతిసారీ దూరం నుంచి తెచ్చుకోవాలి. నేనూ ఈ పొరపాటు చేసి, లోపం నెట్‌వర్క్‌లో ఉందనుకొని రెండు రోజులు వెదికాను. ప్రారంభ విలువలను కూడా, గణనలో వాడే పంపకంతోనే, సమాంతర లూప్‌లో నింపాలి. లేదా సాకెట్‌కు ఒక ప్రాసెస్, 8 థ్రెడ్లు పెట్టి వాటిని అక్కడే బంధించాలి.

అభ్యాసం: ఈ చివరి అమరికలో పలకను 4×2 భాగాలు చేస్తే మొత్తం ఎన్ని విలువలు చేతులు మారతాయి? వాటిలో నెట్‌వర్క్ దాటేవి కనీసం ఎన్ని?