వేడి గిన్నె తగిలితే చెయ్యి ముందే ఎందుకు వెనక్కి వస్తుంది?

పొయ్యి మీది గిన్నె తగలగానే చెయ్యి చటుక్కున వెనక్కి వచ్చేస్తుంది. "అబ్బా" అనిపించేది ఆ తర్వాతే! ఎందుకలా?

వేలి నుంచి బయలుదేరిన కబురు నరం వెంట వెన్నుపాము వెనుక భాగంలోకి చేరుతుంది. వెన్నుపాము మెదడు అనుమతి కోసం ఆగదు. తన ముందు భాగంలోని నాడీకణాల ద్వారా చేతి కండరాలకు వెంటనే ఆజ్ఞ పంపేస్తుంది. ఇదే అసంకల్పిత ప్రతీకార చర్య. కబుర్లు వచ్చేది వెన్నుపాము నరాల వెనుక మూలాల నుంచి, ఆజ్ఞలు వెళ్లేది ముందు మూలాల నుంచి అని ఫ్రాన్స్ శాస్త్రవేత్త మజాందీ 1822లో ప్రయోగాలతో చూపించాడు.

ఈలోగా అదే కబురు మెదడుకూ వెళ్తుంటుంది. అసలు వింత ఇక్కడుంది. నొప్పి, వేడి కబుర్లు వెన్నుపాములోకి వచ్చాక కాస్త దూరంలోనే అవతలి పక్కకు దాటి పైకి వెళ్తాయి. సున్నితమైన స్పర్శ మాత్రం వచ్చిన పక్కనే పైకెక్కి, మెదడు అడుగున ఉన్న మజ్జాముఖంలో దాటుతుంది. కండరాలకు దిగే ఆజ్ఞల్లో ఎక్కువ భాగం దాటేదీ అక్కడే. కుడి చేతిని ఎడమ మెదడు నడిపేది అందుకే.

వెన్నుపాము నడుముకు పైన ఒక పక్కే తెగిందనుకోండి. ఆ పక్క కాలు కదలదు, నొప్పి తెలియనిది మాత్రం రెండో కాలికి! ఈ తేడా చూసే వైద్యులు దెబ్బ ఏ పక్క తగిలిందో పోల్చుకుంటారు.