బుల్లి పిస్తోలు వెల ఎక్కడుంది?

చేవెళ్ల దగ్గరి ముడిమ్యాల లాంటి ఊళ్లో పాత ఇల్లు విప్పుతుంటే, తాతగారి సందుగ అడుగున అరచేతిలో ఇమిడేంత పిస్తోలు ఒకటి బయటపడిందనుకోండి. జరగని పనేం కాదు. 1948కి ముందు హైదరాబాద్ సంస్థానంలో జాగీర్దార్ల ఇళ్లలో, దేశ్‌ముఖుల ఇళ్లలో తుపాకీ ఉండడం వింతగా చూసేవాళ్లు కాదు. దొరికింది చిన్నది, నాజూకైనది, మీద ఇంగ్లీషు అక్షరాలు. ఇంట్లో అందరి నోటా ఒకటే మాట: ‘ఇప్పుడిది ఎంత పలుకుతుంది?’

జవాబుకు ముందు ఆ వస్తువేమిటో చూద్దాం. జేబులోనో చేతిసంచిలోనో కనబడకుండా దాచుకునే పిస్తోళ్లకు పేరు తెచ్చినవాడు ఫిలడెల్ఫియా తుపాకుల తయారీదారు హెన్రీ డెరింజర్. 1865 ఏప్రిల్ 14న అమెరికా అధ్యక్షుడు లింకన్‌ను కాల్చింది అలాంటి ఒంటి తూటా డెరింజర్‌తోనే. అది ఇప్పటికీ వాషింగ్టన్‌లోని ఫోర్డ్స్ థియేటర్ మ్యూజియంలో ఉంది. ఆ తర్వాత జాన్ బ్రౌనింగ్ రూపకల్పనతో బెల్జియం కంపెనీ ఎఫ్‌ఎన్ 1906లో .25 బోర్ పిస్తోలు తెచ్చింది. పొడవు 11.4 సెంటీమీటర్లు, బరువు 350 గ్రాముల పైచిలుకు, లోపల ఆరు తూటాలు. అదే నమూనాను అమెరికాలో కోల్ట్ 1908 నుంచి అమ్మింది. బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్‌కు చెందిన వెబ్లీ అండ్ స్కాట్ కూడా 1906లోనే తన .25 బోర్ పిస్తోలు మొదలుపెట్టింది. మన దేశంలోని పాత ఇళ్లలో కనిపించే చిన్న పిస్తోళ్ల మీద ఈ వెబ్లీ పేరు కూడా ఉండొచ్చు.

ఇలాంటివి సేకరించే అలవాటు అమెరికాలో పెద్దది. అక్కడ ధర కట్టే పద్ధతి తెలిస్తే మన సంగతి సులువుగా అర్థమవుతుంది. పాతదైతే చాలు విలువైనదని చాలామంది అనుకుంటారు, కానీ అది నిజం కాదు. కోల్ట్ జేబు పిస్తోళ్లు నాలుగు లక్షలకు పైగా తయారయ్యాయి. అందుకే వందేళ్లు దాటినా మామూలు స్థితిలో ఉన్నదానికి వందల డాలర్లే వస్తాయి. ఆస్ట్రియాలో 1914 ప్రాంతంలో వచ్చిన కోలిబ్రీ సంగతి వేరు. దాని బోర్ 2.7 మిల్లీమీటర్లు, గుండు బరువు గ్రాములో అయిదో వంతు. ఆత్మరక్షణకు దాదాపు పనికిరానిది. అయినా తయారైనవి వెయ్యి దరిదాపులే కాబట్టి వేల డాలర్లు పెట్టి కొంటారు.

ఆ తర్వాత చూసేది ఒంటిమీది రంగు. ఫ్యాక్టరీ వేసిన నీలి పూత చెక్కుచెదరకుండా ఉంటే ఒక ధర, తుప్పు పట్టిందని ఎవరో గరుకు కాగితంతో రుద్ది మళ్లీ పూత వేయిస్తే అందులో సగం కూడా రాదు. మెరిపిస్తే ధర పెరుగుతుందనుకుని వెలను చేజేతులా పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. గొట్టం మీద, చట్రం మీద నంబర్లు ఒకటే కావాలి. బర్మింగ్‌హామ్ పరీక్షాశాల కొట్టిన కిరీటం ముద్ర చదవగలిగేలా ఉండాలి. కలకత్తా మాంటన్ కంపెనీ లాంటి పాత దుకాణం పేరు చెక్కి ఉంటే, అసలు పెట్టె కూడా దొరికితే, ఇంకా మంచిది.

మన దగ్గర ఈ లెక్కలన్నీ తర్వాతి సంగతి. చేవెళ్ల, మొయినాబాద్ వైపు ఎకరం కొనేవాడు నేల రంగు చూడకముందే పాసుపుస్తకం, లింకు డాక్యుమెంట్లు అడుగుతాడు కదా, పిస్తోలుకూ అంతే. లైసెన్సు ఎవరి పేరున పుట్టింది, ఎవరి చేతికి మారింది, జాతీయ డేటాబేసులో విశిష్ట సంఖ్య ఉందా? ఆ గొలుసు తెగకుండా ఉన్న పాత వెబ్లీకి లక్షల్లో ధర వస్తుంది. కారణం అది అరుదైనది కావడం కాదు. 1980ల మధ్య నుంచి మామూలు పౌరులకు విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు ఆగిపోయింది. ఉన్నవే చేతులు మారాలి. పైగా 2014లో కాన్పూర్ సర్కారీ ఫ్యాక్టరీ తెచ్చిన 500 గ్రాముల ‘నిర్భీక్’ .32 రివాల్వర్ ధరే అప్పట్లో 1,22,360 రూపాయలు. తూటాలు సులువుగా దొరికే .32 బోర్‌కు గిరాకీ ఎక్కువ. .25 బోర్ ఎంత ముచ్చటగా ఉన్నా వెనకబడుతుంది.

కాగితం లేని పిస్తోలుకు మాత్రం వెల సున్నా. 1959 నాటి ఆయుధాల చట్టాన్ని 2019లో సవరించాక, లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకుంటే రెండు నుంచి అయిదేళ్ల జైలు. 9 మిల్లీమీటర్లు, .38, .455 లాంటి నిషిద్ధ బోర్లయితే శిక్ష ఇంకా కఠినం. లైసెన్సు ఉన్నవాళ్లకైనా రెండే తుపాకులు, వారసత్వంగా వచ్చినవాటినీ కలుపుకొనే. అంతకుముందు మూడు ఉండేవి. కాబట్టి గోడ నిండా పిస్తోళ్లు వేలాడదీసే సేకరణ ఇక్కడ సాధ్యం కాదు. నాకు అది సబబుగానే తోస్తుంది. ఇంట్లో కోపతాపాలు వచ్చినప్పుడు చేతికందే వస్తువు ఎంత చిన్నదైతే అంత ప్రమాదం. పాత ఆయుధాలంటే ఇష్టమున్నవాళ్లకు హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ ఉన్నాయి.

పురాతన వస్తువులకు మినహాయింపు లేదా అంటే, ఉంది. మరమ్మతు చేసినా పేలని పాతకాలపు ఆయుధాన్ని చట్టం వదిలేస్తుంది. 2020లో క్యూరియో, అంటే పాతకాలపు అపురూప వస్తువుల వర్గంలోకి వచ్చే తుపాకులను లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోవచ్చని కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. వాడాలన్నా, ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లాలన్నా మాత్రం అనుమతి కావాలి. అయితే మన చేతిలోది ఆ వర్గంలోకి వస్తుందో రాదో మనకు మనం తేల్చుకునేది కాదు, అధికారులు చూడాలి. పిడికి ఏనుగు దంతం తొడిగి ఉంటే ఇంకో చిక్కు, వన్యప్రాణి చట్టం కింద దంతం అమ్మకం నిషిద్ధం. వందేళ్లు దాటిన పురావస్తువైతే 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం దేశం దాటించి అమ్మడానికి వీల్లేదు.

ఇక సందుగలో దొరికినదాని సంగతి. ముందు దాన్ని ముట్టుకోవద్దు, లోపల తూటా ఉండొచ్చు, పాత సేఫ్టీ మీట పనిచేయకపోవచ్చు. సంచిలో వేసుకుని బస్సెక్కి స్టేషనుకు వెళ్లడమూ తప్పే, ఠాణాకు ఫోన్ చేసి వాళ్లనే రమ్మనాలి. ఇంట్లో పాత లైసెన్సు పుస్తకం ఉందేమో వెతకండి, తాతగారి మరణ ధ్రువపత్రం, వారసుల పత్రం జతచేయండి. ఆయుధం అప్పగించేటప్పుడు తయారీదారు పేరు, బోరు, నంబరు రాసిన రసీదు తప్పక తీసుకోండి. ఆయుధాల చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం వారసులు లైసెన్సు తెచ్చుకుని దాన్ని తిరిగి తీసుకోవచ్చు, లేదా అర్హుడికి అమ్ముకోవచ్చు. లైసెన్సు ఇచ్చేది కమిషనరేట్ పరిధిలో పోలీస్ కమిషనర్, మిగతా చోట్ల జిల్లా మేజిస్ట్రేట్. దీనికి గడువుంది, అది దాటితే ఆయుధం ప్రభుత్వపరమవుతుంది. అందుకే రసీదు చేతికొచ్చిన రోజే గడువు తేదీ అడిగి దాని మీద రాయించుకోండి.