పాత కత్తి పుట్టుపూర్వోత్తరములు

చిత్తూరు మండలమున ఏ పాత లోగిలిలో ఒక కత్తి గోడకు వ్రేలాడుచున్నను, అది పాళెగానిదనియో, హైదరాలీ దండు విడిచిపోయినదనియో చెప్పుకొనుట పరిపాటి. చరిత్రలో అందుకు తావు లేకపోలేదు. హైదరాలీ 1782 డిసెంబరు 7న చిత్తూరు చెంత నరసింగరాయనిపేట విడిదిలో కన్నుమూసెను. 1801లో ఆర్కాటు నవాబు సీమ కంపెనీ వశమైన పిమ్మట చిత్తూరు పాళెగాండ్రు దానికి లొంగక పోరాడిరి. అయినను కత్తి ఏనాటిదో తెలియవలెనన్న దానినే పరీక్షింపవలెను.

ఇంగ్లీషు సైన్యపు కత్తులలో పెక్కింటికి అలుగుమీదనో పిడికాపుమీదనో రాజముద్ర ఉండును. 'వి.ఆర్.' అను అక్షరములు విక్టోరియా రాణివి. అనగా ఆ ముద్ర 1837కు పూర్వపుది కానేరదు. విల్కిన్సన్ కంపెనీవారు 1854 ప్రాంతమునుండి అధికారుల కత్తుల వెన్నుమీద వరుససంఖ్య వేయించిరి. ఆ సంఖ్య చెరగకున్నచో వారి దస్తరములనుబట్టి ఏడాది తేల్చవచ్చును. ముద్రయు సంఖ్యయు లేనిచో ఆకారమే దిక్కు. వంగిన అలుగు కొనవైపు వెడల్పై, పిడికాపు జీను రికాబును పోలియున్నచో, అది 1796లో తేలిక అశ్వదళమునకు నిర్ణయించిన మాదిరి. ఇది మాదిరి పుట్టిన ఏడే గాని కత్తి పుట్టిన ఏడు కాదు. మన విద్యార్థులు తరచు తొట్రుపడునది ఇచ్చటనే.

అంతకంటె పెద్ద చిక్కు మరొకటి కలదు. అలుగు ఒకరిది, పిడి మరొకరిది కావచ్చును. ఇందుకు ప్రసిద్ధమైన నిదర్శనము హైదరాబాదుదే. నిజాము రౌతుల కత్తులు చేసిన ఘోరమైన గాయములనుగూర్చి విని, నోలన్ అను ఇంగ్లీషు అశ్వదళాధికారి అవి ఎట్టి కత్తులో విచారించెను. తీరా చూడగా అవి ఇంగ్లీషువారు పాతవని పారవేసిన అలుగులే! రౌతులు వానికి తమ పద్ధతిని లోహపు పిడులు తొడిగి, క్షురకత్తివలె పదును పెట్టి, కొయ్య ఒరలలో దాచి, పోరునందు తప్ప దూయకుండిరి. ఇంగ్లీషువారి ఉక్కు ఒరలలో అదే వాదర మొద్దుబారెడిది. నోలన్ ఈ సంగతిని 1853లో అచ్చయిన తన అశ్వదళ గ్రంథమున వ్రాసెను. అట్టి కత్తి నేడు దొరకినచో పిడిని చూచి దేశీయమనుటయు, అలుగును చూచి విదేశీయమనుటయు సగము సత్యమే.

కనుక ఇంట కత్తి యున్నవారు పండుగకు దానిని చింతపండుతోను ఇటుకపొడితోను తోమరాదు. త్రుప్పుతోపాటు పలుచని ముద్రయు పోవును. మెత్తని గుడ్డతో తుడిచి, అలుగు రెండు ప్రక్కలను, వెన్నును, పిడి మొదలును ఏటవాలు వెలుగులో చూచి, కనబడిన ప్రతి గీతను కాగితముపై దింపుకొన్న చాలును.