హదీసులోని ఊద్, మన ఇంటి ఊదు

తుంగతుర్తిలో ఒక జుమా నాడు నమాజు ముగిసి జనం చెప్పులు తొడుక్కుంటున్న వేళ తెలిసిన వ్యక్తి ఒకరు నన్ను పక్కకు పిలిచి, జేబులోంచి చిన్న డబ్బీ తీశారు. అందులో గోధుమరంగు పొడి. "మౌల్వీ సాబ్, పిలగానికి గొంతు వాచింది. పట్నం పోయి ఊద్ తెచ్చిన. గింతకే వెయ్యి రూపాయలు తీసుకున్నడు. ముక్కుల పొయ్యాల్నా, తాగిపియ్యాల్నా?" అని అడిగారు. ఈ వైద్యం ఎవరు చెప్పారని అడిగితే ఒక చిన్న పుస్తకం పేరు చెప్పారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సూచించిన వైద్యాన్ని గురించిన ఆ పుస్తకాన్ని అరబీ నుండి తెలుగు చేసింది నేనే. గొంతువాపుకు "భారతదేశపు అగరు" అని అందులో వ్రాసిందీ నేనే.

అనువాదంలో దొర్లిన తప్పు కాగితం మీదే పడి ఉంటుందనుకుంటాం. ఈ తప్పు ఒక పసివాడి ముక్కు దాకా వచ్చింది. కనుక ఊద్ అనే ఒక్క మాట వెనుక ఉన్న వస్తువులేవో, వాటిలో ఏది దేనికి పనికివస్తుందో విడమరచి చెప్పవలసిన బాధ్యత నా మీద ఉంది.

అరబీలో ఊద్ అంటే కర్ర, పుల్ల. అంతే. తీగల వాద్యం ఒకదానికి కూడా అదే పేరు. సుగంధపు కర్రను చెప్పేటప్పుడు కూడా అరబ్బులు క్లుప్తంగా ఊద్ అనే అనేవారు. ఏ కర్ర అన్నది సందర్భాన్ని బట్టి వినేవాడు గ్రహించేవాడు. ఆ మాట ఉర్దూ ద్వారా మన ఊళ్లకు వచ్చి తెలుగు మాటగా స్థిరపడింది. ఊదుబత్తి అని మతభేదం లేకుండా అందరూ అంటారు. నిప్పును ఊదుతారు కాబట్టి ఊదుబత్తి అయిందని చిన్నప్పుడు నేను గట్టిగా నమ్మాను. అగరువత్తి అన్నా అర్థం అదే, అగరు కర్రతో చేసిన వత్తి అని. అయితే రెండు పేర్లలోనూ ఉన్న ఆ కర్ర నేడు అంగట్లో దొరికే మామూలు వత్తిలో మచ్చుకైనా ఉండదు. వెదురుపుల్ల, బొగ్గుపొడి, రంపపు పొట్టు, అంటుకోవడానికి జిగురుండే బెరడు పొడి, పైన రసాయనపు సువాసన. పేరు మాత్రం ఊదుదే.

అసలు అగరు చెట్టు మన ఎర్రచెల్కలలో తనంత తాను మొలిచేది కాదు. అస్సాం మొదలుకొని ఈశాన్య రాష్ట్రాల తేమ అడవులు, అటు తర్వాత మలయా, సుమత్రా ప్రాంతాలు దాని స్వస్థలాలు. శాస్త్రజ్ఞులు దానిని అక్విలేరియా మలాసెన్సిస్ అంటారు. అస్సాంలో పూర్వం దాని బెరడును పలకలుగా చేసి గ్రంథాలు వ్రాసుకునేవారు. 7వ శతాబ్దంలో కామరూప రాజు భాస్కరవర్మ హర్షునికి పంపిన కానుకలలో నల్ల అగరు తైలం ఉన్నదని బాణుడు హర్షచరితలో పేర్కొన్నాడు.

ఈ చెట్టు సంగతి కొంచెం తీరికగా చెప్పుకోదగినది. ఆరోగ్యంగా ఉన్న అగరు చెట్టు కర్ర తెల్లగా, తేలికగా ఉంటుంది. దానికి చెప్పుకోదగ్గ వాసనే ఉండదు. కాండాన్ని పురుగు తొలిచినప్పుడో, కొమ్మ విరిగినప్పుడో ఆ గాయంలో బూజు చేరుతుంది. చెట్టు తనను కాపాడుకోవడానికి ఆ చోట నల్లని జిగురును ఊరించుకుంటుంది. ఏళ్లు గడిచే కొద్దీ ఆ జిగురు కర్రలోకి ఇంకి, కర్ర నల్లబడి బరువెక్కుతుంది. అదే ఊద్. బాగా జిగురు పట్టిన ముక్కను నీటిలో వేస్తే మునిగిపోతుంది. అందుకే మేలు రకాన్ని 'గర్ఖీ' అన్నారు, అంటే మునిగేది అని. ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్'లో ఊద్ రకాలను వరుసగా చెబుతూ మునిగే రకానికే పెద్దపీట వేశాడు. పాత గ్రంథాలలో కనిపించే ఖమారీ ఊద్ ఖ్మేరు దేశానిది, సన్ఫీ ఊద్ నేటి వియత్నాంలోని చంపా రాజ్యానిది. పేర్లు చదువుతుంటే ఓడల దారి కళ్లకు కడుతుంది.

ఏ చెట్టులో జిగురుందో పైకి చూస్తే తెలియదు. దానితో పది చెట్లు నరికి ఒక దానిలో సరుకు వెదుక్కునే పద్ధతి సాగింది. ఫలితంగా 1995లో ఈ జాతిని అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ కిందికి తెచ్చారు. 2004లో తీసుకున్న నిర్ణయంతో అక్విలేరియా జాతులన్నిటికీ ఆ నియంత్రణ వర్తించింది. 2018 నుండి అక్విలేరియా మలాసెన్సిస్ తీవ్రంగా అంతరించే ప్రమాదమున్న జాతుల పట్టికలో ఉంది. ఇప్పుడు తోటలలో పెంచి, కాండానికి రంధ్రాలు చేసి బూజు ఎక్కించి జిగురు పుట్టిస్తున్నారు. అస్సాంలోని హోజాయి ఈ వ్యాపారానికి పేరుపొందిన ఊరు. మేలు రకం కిలో లక్షల రూపాయలు పలుకుతుంది కాబట్టి మామూలు కర్రకు రంగు, నూనె పట్టించి అమ్మేవారికీ కొదవ లేదు. వెయ్యి రూపాయలకు డబ్బీ నిండా వచ్చిన పొడి గురించి పాఠకులే ఊహించుకోవచ్చు.

ఇక హదీసుల విషయం. పరిమళానికి వాడే ఈ కర్రను హదీసులలో 'అలువ్వా' అన్నారు. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ధూపం వేసుకునేటప్పుడు ఒకసారి ఏదీ కలపని అలువ్వాను, ఒకసారి దానిపై కర్పూరం వేసి వాడేవారనీ, దైవప్రవక్త (స) ఇలాగే ధూపం వేసుకునేవారని చెప్పేవారనీ నాఫె ఉల్లేఖించారు. ఇది సహీహ్ ముస్లింలో ఉంది. స్వర్గంలో మొదట ప్రవేశించే వారి ధూపదానులలో ఉండేది అలువ్వాయేనని బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ఇక్కడ అగరు అని తెలుగు చేయడంలో దోషం లేదు. ఇంగ్లీషు నుండి అనువదించేవారికి మాత్రం ఇక్కడ ఒక గొయ్యి పొంచి ఉంటుంది. ఇంగ్లీషులో దీన్ని 'ఆలోస్‌వుడ్' అంటారు. నిఘంటువులో 'ఆలో' చూసి కలబంద అని వ్రాస్తే స్వర్గవాసుల ధూపదానిలో కలబంద మట్టలు కాలుతాయి!

నేను పడిన గొయ్యి వేరు. ఉమ్మె ఖైస్ బిన్తె మిహ్‌సన్ (రజి) తన పసిబిడ్డను దైవప్రవక్త (స) వద్దకు తీసుకువెళ్లారు. బిడ్డకు గొంతులో వాపు వస్తే ఆనాటి ఆచారం ప్రకారం ఆమె దానిని నొక్కి ఉన్నారు. పిల్లలను ఇలా ఎందుకు బాధిస్తారని ప్రవక్త (స) మందలించి, 'ఊదె హిందీ' వాడమన్నారు. అందులో ఏడు స్వస్థతలున్నాయని చెప్పి, గొంతువాపుకు ముక్కు ద్వారా, పక్కటెముకల లోపలి జబ్బుకు నోటి ద్వారా ఇవ్వమన్నారు. మన పల్లెల్లోనూ కొండనాలుక దిగిందని వేలు పెట్టి నొక్కే పద్ధతి ఉండేది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఊద్ అంటే అగరు, హిందీ అంటే భారతదేశపుది, కలిపితే భారతదేశపు అగరు. నేను లెక్క ఇలా వేసుకున్నాను. కాని ఇమామ్ బుఖారీ ఈ విషయానికి పెట్టిన అధ్యాయ శీర్షికలోనే 'ఖుస్త్' అనే మాట ఉంది. ఒక ఉల్లేఖనంలోనైతే ఊదె హిందీ అంటే కుస్త్ అని, అది ఖుస్త్‌కే మరో ఉచ్చారణ అని వివరణ కూడా ఉంది. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనంలోనూ పిల్లల గొంతు నొక్కి బాధించవద్దన్న మాట వెంటే వచ్చే మందు పేరు 'ఖుస్తె బహరీ'. అన్నిటినీ మించి, ఇబ్నుల్ ఖయ్యిమ్ (మరణం 1350) తన 'జాదుల్ మఆద్'లో ఊదె హిందీ రెండు రకాలనీ, మందులలో వాడేది ఖుస్త్ అనీ, పరిమళానికి వాడేది అలువ్వా అనీ తేటతెల్లంగా విడదీసి చెప్పారు. ఈ గ్రంథాలన్నీ నా అలమారలోనే ఉన్నాయి. మాట తెలుసుననే ధీమాతో తెరిచి చూడలేదు.

ఖుస్త్ అనేది చెట్టు కాదు. కాశ్మీరు, హిమాచల్ ఎత్తైన కొండలలో పెరిగే ఒక మొక్క వేరు. సంస్కృతంలో కుష్ఠ, తెలుగులో చెంగల్వకోష్టు. మూలికల దుకాణంలో కోష్టు అంటే ఇస్తారు. దీని కథ కూడా అగరు కథే: విచ్చలవిడిగా తవ్వడం వల్ల 1985 నుండి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణలో అత్యంత కఠినమైన జాబితాలో ఉంది. అరుదైన సరుకు కాబట్టి దీని పేరుతోనూ వేరే వేర్లు అమ్ముతారు.

నా మిత్రునికి నేను చెప్పింది ఇది. అది అగరు పొడి అయినా కావచ్చు, రంగు పూసిన రంపపు పొట్టు అయినా కావచ్చు. పిల్లవాని ముక్కులో మాత్రం పోయవద్దు. అసలైన కోష్టు అయినా సరే, వేలితో గిల్లి పసివాళ్లకు వేసేది కాదు. దాని మోతాదు తెలిసిన హకీము చెప్పాలి. దాని నూనె చర్మానికి పడనివారూ ఉన్నారు. జ్వరంతో గొంతు వాచిన పిల్లవాణ్ని ముందు సూర్యాపేటలో పిల్లల డాక్టరుకు చూపించండి. వైద్యం చేయించుకోమని చెప్పినది కూడా ఆ ప్రవక్తే (స) కదా. ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నట్లు కనిపించారు గాని, సాయంత్రమే పిల్లవాణ్ని తీసుకువెళ్లారు.

అగరుకు వైద్యంలో స్థానమే లేదని దీని అర్థం కాదు. యూనానీ వైద్యులు దానిని గుండెకు, మెదడుకు, జీర్ణకోశానికి బలమిచ్చే ద్రవ్యంగా లెక్కించారు. జవారిషె ఊద్ షీరీన్, జవారిషె ఊద్ తుర్ష్ అనే లేహ్యాలు అజీర్తికి వాడుకలో ఉన్నాయి. అయితే అది హకీముల అనుభవం. దానిని హదీసు ఖాతాలో వ్రాయరాదు.

మరి మన ఇళ్లలో నిప్పుల మీద వేసే ఊదు ఏది? గురువారం, శుక్రవారం ఫకీరు ఊద్‌దాన్ పట్టుకుని దుకాణం దుకాణానికీ నెమలీకల కట్టతో పొగ విసిరేది ఏది? పీర్ల పండుగకు పల్లెపల్లెనా పీర్ల ముందు నిప్పుల్లో అన్ని కులాలవారూ వేసేది, పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ ఉర్సుకు పోయినవారు కొని వేసేది ఏది? అది అగరూ కాదు, కోష్టూ కాదు. లోబాన్, అనగా సాంబ్రాణి. చిత్రమేమిటంటే ఆ పేరూ అరువుదే. అరబీలో లుబాన్ అంటే ఒమాన్, యెమెన్ కొండలలో దొరికే ధూపపు జిగురు. సుమత్రా నుండి వచ్చిన వేరే జిగురును 'జావా లుబాన్' అన్నారు. మనకు లోబాన్ పేరుతో చేరింది ఆ రెండవదే. అసలు లుబాన్ చెట్టుకు దగ్గరి చుట్టమైన అందుగు మాత్రం మన తెలుగు అడవులలోనే ఉంది. దాని జిగురును పరంగి సాంబ్రాణి అంటారు. ఇలా మూడు దేశాల జిగుర్లు, రెండు దేశాల కర్రలు, ఒక వేరు కలిసి మన నోట ఒకే ఊదు అయి కూర్చున్నాయి.

పీర్ల ముందు వేసే పొగకు ధర్మశాస్త్రంలో ఆధారం వెదకడం వృథా. మస్జిదుకు సువాసన పట్టించడానికి మాత్రం బలమైన ఆధారమే ఉంది. వాడలలో మస్జిదులు కట్టి, వాటిని శుభ్రంగా, సువాసనతో ఉంచమని ప్రవక్త (స) ఆదేశించినట్లు హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) శిష్యుడైన నుఐమ్‌కు 'ముజ్మిర్' అన్న పేరు ప్రవక్త మస్జిదులో ధూపం వేసే పని వల్ల వచ్చిందే. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిన్నవారిని మస్జిదుకు రావద్దన్నదీ పక్కవాని సౌఖ్యం కోసమే. మరి కిటికీలు మూసి, చవక వత్తులు గుత్తులుగా వెలిగించి, ఉబ్బసం ఉన్న ముసలాయన సజ్దాలో దగ్గేలా చేయడం ఏ సున్నతు? ఈ మాట మా మస్జిదులో అన్నందుకు కొందరు నా మీద ఇప్పటికీ గుర్రుగా ఉన్నారు.

రమజాను నెలలో తరచుగా వచ్చే ప్రశ్న ఒకటి. ఉపవాసంలో అత్తరు వాసన చూడవచ్చు. గదిలో ఉన్న పొగ తెలియకుండా లోపలికి పోయినా ఉపవాసానికి భంగం లేదు. కాని ఊద్‌దాన్ మీదికి వంగి కావాలని పొగను పీల్చి గొంతులోకి దింపుకుంటే ఉపవాసం చెడుతుందని హనఫీ ఫుఖహాలు వ్రాశారు. ఇఫ్తార్ దాకా ఆ ముచ్చట వాయిదా వేసుకోవడం మేలు. హజ్‌లో ఇహ్రాం ధరించినవారికి సువాసన వాడకమే నిషిద్ధం.

కఫన్ వస్త్రానికి, మృతుణ్ణి దానిలో ఉంచకముందు, బేసి సంఖ్యలో ధూపం పట్టాలని ఫిఖహ్ గ్రంథాలలో ఉంది. జనాజా వెంట నిప్పు తీసుకుపోరాదు. తన వస్త్రాలకు ధూపం పట్టించమని, జనాజా వెంట మాత్రం నిప్పు తేవద్దని హజ్రత్ అస్మా బిన్తె అబూబక్ర్ (రజి) చెప్పి ఉంచినట్లు ముఅత్తాలో ఉంది. మనవాళ్లు ఊదుబత్తుల కట్ట వెలిగించి జనాజా ముందు నడుస్తారు. కఫన్‌కు పట్టవలసిన పొగ సంగతి హడావుడిలో మరచిపోతారు.

ఆ చిన్న పుస్తకం మలి ముద్రణకు సవరణ పంపాను. మొదటి ముద్రణ ప్రతులు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో చాలా ఇళ్లలో ఉన్నాయని తెలుసు. మీ వద్ద ఉంటే గొంతువాపు ప్రస్తావన వచ్చే పుట తెరిచి, "భారతదేశపు అగరు" అన్న మాట కొట్టివేసి, "ఖుస్త్, అనగా చెంగల్వకోష్టు వేరు, హకీము సలహాతో మాత్రమే" అని సిరాతో వ్రాసుకోవలసిందిగా కోరుతున్నాను. ధూపం గురించిన పుటలో అగరు అన్న మాటను అలాగే ఉంచండి.