రాశి రంగు, రెప్ప రంగు

ఐషాడో పాలెట్ల మీద ఉండే రాశులు సూర్యుణ్ణిబట్టి. మన జాతకంలో జన్మరాశి చంద్రుణ్ణిబట్టి. అందుకే అక్కడ నేను సింహం, ఇంట్లో వృషభం. రెంటికీ చెరో పాలెట్ తయారుచేశా.

సింహానికి బంగారం, రాగి, నారింజ. వృషభానికి వరాహమిహిరుడి ‘బృహజ్జాతకం’ చూశా: మేషం ఎరుపు, వృషభం తెలుపు, మిథునం చిలకపచ్చ.

రాగి నా చామనచాయలో ఇట్టే కలిసిపోయింది. తెలుపు మాత్రం విభూతిలా తేలింది. “తెల్లబడదామనా?” అన్నారు హాస్టల్లో ఒకరు. మనసు చివుక్కుమంది. కారణం చిన్నదే: పలచగా రాసిన తెల్లపొడిలోంచి కింది చర్మం కనబడి బూడిదరంగులా అనిపిస్తుంది.

ఇప్పుడు రెప్పంతా మీగడరంగు, మడతలో గోధుమరంగు, తెలుపు కంటి లోపలి మూలన చుక్కంత. వృషభాన్ని వదల్లేదు, నా రంగునీ దాచలేదు.

మీ రాశేదో చెప్పండి, కలిసి చేద్దాం.