మృగవ్యాధుని తోడు

మాఘమాసమున రాత్రి మొదటి జామున ఆగ్నేయదిక్కున తెల్లగా జ్వలించు నక్షత్రమొకటి కానవచ్చును. రాత్రి గగనమున దానిని మించిన కాంతిగల నక్షత్రము మరియొకటి లేదు. మన పూర్వులు దానిని మృగవ్యాధుడనిరి. మృగరూపమున పరుగిడు ప్రజాపతిని రుద్రుడు బాణమున గొట్టెనను కథ బ్రాహ్మణములనాటిది. పాశ్చాత్యులు ఈ తారనే సిరియస్ అందురు.

ఈ వేటకాడు ఒంటరివాడని లోకము చిరకాలము నమ్మెను. 1844లో బెస్సెల్ అను జర్మను ఖగోళవేత్త, ఈ తార తిన్నగా సాగక అటునిటు ఊగుచు పోవుట గమనించి, కంటికగపడని తోడొకటి దానిని లాగుచున్నదని నిశ్చయించెను. ఆ తోడును చూడకయే ఆయన 1846లో కన్నుమూసెను. 1862 జనవరిలో అమెరికాయందు ఆల్వన్ గ్రాహం క్లార్క్ అను దూరదర్శిని నిర్మాత, క్రొత్తగా తయారైన పదునెనిమిదిన్నర అంగుళముల కటకమును పరీక్షించుచు, మృగవ్యాధుని ప్రక్కనొక మసకచుక్కను కనుగొనెను.

ఒంటరి తారను నేరుగా తూచుటకు త్రాసు లేదు. జంటతారలకు జంటయే త్రాసు. అవి ఒకదానిచుట్టునొకటి తిరుగు కాలమును, వాని నడిమి దూరమును తెలిసికొన్నచో రెంటి బరువును లెక్కింపవచ్చును. ఈ జంట ఒక పరిభ్రమణము ముగించుటకు సుమారు 50 ఏండ్లు పట్టును. లెక్కింపగా పెద్దతార సూర్యునికి రెండింతలనియు, మసకచుక్క ఇంచుమించు సూర్యునంత బరువనియు తేలినది. అంత బరువు గలదానికి ఆ వెలవెలపాటేల? చల్లారిపోయినదేమోయని కొందరు తలచిరి. 1915లో మౌంట్ విల్సన్ వేధశాలయందు ఆడమ్స్ దాని వర్ణపటమును పరిశీలింపగా, అది తెల్లగా కాగియున్నట్లు తెలిసినది. వేడిమి మెండై వెలుగు కొరతయైనచో, ఆకారమే మిక్కిలి చిన్నదై యుండవలెను. సూర్యునంత ద్రవ్యము భూగోళమంత చోటున ఇమిడియున్నది! అందలి పదార్థము చెంచాడైనను టన్నులకొలది తూగును. ఇట్టివే శ్వేత మరుగుజ్జు తారలు.

ఈ మరుగుజ్జు పుట్టుకతో మరుగుజ్జు కాదు. సుమారు 24 కోట్ల ఏండ్లనాడు ఈ రెండును కవలలుగా పుట్టినవి. అప్పుడు ఇదియే పెద్దది. సూర్యునికి అయిదింతలు బరువు గలది. తారకు హైడ్రోజనే ఇంధనము. బరువైన తారకు నిలువ హెచ్చు. కాని వ్యయము అంతకంటె ఎన్నోరెట్లు హెచ్చు. కావున సిరిగలదే ముందుగా దివాలా తీయును. గర్భమున ఇంధనము తీరగా తార ఉబ్బి అరుణ మహాతారయగును; పైపొరలు విశ్వమున చెదరిపోవును; నడిమి గర్భము మాత్రము మిగిలి, మెల్లమెల్లగా చల్లారుచుండును. మృగవ్యాధుని తోడునకు ఈ అవస్థ ప్రాప్తించి పండ్రెండు కోట్ల ఏండ్లైనదని శాస్త్రజ్ఞుల అంచనా.

ఇట్లు మిగిలిన గర్భము ఎంత బరువును ఓర్వగలదు? 1930లో పందొమ్మిదేండ్ల సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్, చదువుకై ఇంగ్లండునకు ఓడలో పోవుచు ఈ లెక్క వేసెను. సూర్యునికి సుమారు 1.4 రెట్లు మించినచో మరుగుజ్జు తన బరువును తాను మోయలేదని తేల్చెను. 1935లో ఎడింగ్టన్ అంతటివాడు ఆ సిద్ధాంతమును నిండుసభలో ఖండించెను. కాలము యువకుని పక్షముననే తీర్పు చెప్పినది. 1983లో నోబెల్ బహుమానము ఆయనను వరించినది. జంటలోని మరుగుజ్జు తోడితార ద్రవ్యమును గ్రహించి ఆ హద్దును సమీపించినచో, మహావిస్ఫోటమున సమూలముగా నశింపవచ్చునని నేడు ఎరుగుదుము.

సాహిత్యము చెప్పుకొని బ్రతుకు నాకు ఈ గణితము పూర్తిగా అందదు. అయినను మాఘమాసపు రాత్రి మేడపై నిలిచి మృగవ్యాధుని చూచునపుడు, నా దృష్టి ఆ వెలుగుపై నిలువదు. ఒకనాడు దానిని మించి వెలిగి, నేడు కంటికగపడకయే దానిని అటునిటు ఊపుచున్న ఆ తోడే తలపునకు వచ్చును. వెలుగు పోయినను బరువు పోలేదు; ఆ బరువే బెస్సెలునకు దాని ఉనికిని చాటినది.